‘సుడిదోమ’ లేబుల్ ఉన్న సీసా: ఒక గుర్తింపు కేస్ స్టడీ

ఆ సీసా నా టేబుల్ మీదికి వచ్చినప్పుడు లోపల పెన్సిల్‌తో రాసిన చిన్న కాగితం ముక్క ఉంది. ‘సుడిదోమ, వరి, దీపపు ఎర’ అని రాసి, కింద తేదీ, స్థలం వేశారు. ఆల్కహాల్‌లో 61 పురుగులు. పంపినవాళ్లు అడిగింది ఒకటే మాట: ఇవి సుడిదోమలేనా? అవునో కాదో చెబితే చాలన్నారు.

అవునో కాదో చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మధ్యలో ఒక రోజంతా మా చేతిలో కొత్త జాతి ఉందని నమ్మాను. ఎక్కడ పొరబడ్డానో, ఎలా తెలిసిందో వివరంగా రాస్తున్నాను. ఈ పని చేసేవాళ్లకు ఇలాంటి సీసా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ముందు పేరు సంగతి. వరి దుబ్బు అడుగున చేరి రసం పీల్చే గోధుమరంగు పురుగును సుడిదోమ అంటాం. అది పట్టిన చోట పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ నష్టానికి దోమపోటు అని పేరు. వీపు మీద తెల్లచార ఉంటే తెల్లవీపు దోమ, ఆకుపచ్చగా ఉంటే పచ్చదోమ. పొలంలో మనిషికి ఈ పేర్లు బాగానే పనికొస్తాయి. కానీ మనల్ని కుట్టే దోమతో వీటికి ఏ చుట్టరికమూ లేదు, వీటిలో వీటికి కూడా అంతంత మాత్రమే. పచ్చదోమ లీఫ్‌హాపర్ అనే గుంపులోది, సుడిదోమ ప్లాంట్‌హాపర్ అనే గుంపులోది. వంశవృక్షంలో చూస్తే పచ్చదోమకు సుడిదోమ కంటే చెట్ల మీద గోల చేసే సికాడాలే దగ్గరి చుట్టాలు.

తేడా తెలిస్తే ఏం లాభం అని చాలామంది అడుగుతారు. వరిలో టుంగ్రో వైరస్‌ను మోసేది పచ్చదోమ. గ్రాసీ స్టంట్, రాగ్డ్ స్టంట్ వైరస్‌లను మోసేది సుడిదోమ. సదరన్ బ్లాక్ స్ట్రీక్డ్ డ్వార్ఫ్ వైరస్‌ను మోసేది తెల్లవీపు దోమ. పురుగు పేరు తప్పితే రాబోయే తెగులు గురించి వేసే అంచనా కూడా తప్పుతుంది.

మొదటి వడపోత

పురుగులన్నీ తెల్లటి గిన్నెలో పోసి, రంగును పట్టించుకోకుండా నాలుగు చోట్లే చూశాను. ఆల్కహాల్‌లో కొన్నాళ్లుంటే రంగులు వెలిసిపోతాయి. అప్పుడే చివరి కుబుసం విడిచిన పురుగైతే అసలు రంగే పట్టి ఉండదు. అందుకే రంగును చివరికి వదిలేస్తాను.

మొదట మీసాలు. ప్లాంట్‌హాపర్ మీసం కంటి కిందనుంచి వస్తుంది. దాని రెండో ముక్క ఉబ్బి, ఒంటి మీద చిన్న చిన్న గ్రాహక బుడిపెలతో కనిపిస్తుంది. దాని చివర సన్నటి వెంట్రుకలాంటి కొస. లీఫ్‌హాపర్‌కు ఆ ఉబ్బు ఉండదు. రెండోది, ముందు రెక్క మొదట్లో పొలుసులాంటి చిన్న మూత, టెగ్యులా. మూడోది, రెక్క వెనుక అంచున క్లావస్ అనే భాగంలో రెండు ఈనెలు కలిసి ఇంగ్లీషు వై అక్షరంలా మారడం. నాలుగోది, మధ్య కాళ్ల మొదళ్లు పొడుగ్గా, ఒకదానికొకటి దూరంగా ఉండడం. ఈ నాలుగూ ఉంటే అది ఫుల్గొరోయిడియా అనే అధికుటుంబంలోది, అంటే ప్లాంట్‌హాపర్. లీఫ్‌హాపర్‌కైతే వెనుక కాలి టిబియా (పిక్క భాగం) పొడవునా వరసలు వరసలుగా ముళ్లుంటాయి. అలవాటైన కంటికి ఆ ముళ్ల వరసలే ముందు కనిపిస్తాయి.

ఈ వడపోతలో 14 లీఫ్‌హాపర్లు పక్కకు వెళ్లాయి. 47 మిగిలాయి.

ఇక్కడ చాలామంది నేరుగా జాతికి దూకుతారు. వరి దగ్గర దొరికింది, గోధుమరంగుగా ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు. ప్లాంట్‌హాపర్లలో ఇరవై దాకా కుటుంబాలున్నాయి, పేరు పెట్టిన జాతులే పన్నెండు వేలు దాటాయి. దీపానికి ఇవి ఎక్కడెక్కడినుంచో వస్తాయి. దీపపు ఎరలో పడ్డ పురుగు ఆ పక్క పైరు మీదే బతికిందనడానికి ఏ ఆధారమూ లేదు. లేబుల్ మీద ‘వరి’ అని ఉంటే అది దీపం పెట్టిన చోటు అని మాత్రమే నేను చదువుకుంటాను.

నలభై ఏడింటిలో ఐదు తెల్లటి మైనపు పొడి అంటుకున్నట్టున్నాయి, రెక్కలు నిటారుగా గుడారంలా మూసుకుని ఉన్నాయి. వాటి క్లావస్ ఈనెను పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే, ఈనె వెంట ఇసుక రేణువుల్లా చిన్న బుడిపెలు వరసగా కనిపించాయి. అది మీనోప్లిడే కుటుంబం గుర్తు. ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, నీసియా. ఇవి వరి పొలాల్లో తరచుగా దొరుకుతాయి, కానీ వీటి అసలు ఆశ్రయం తుంగ జాతి మొక్కలు. మరో రెండింటికి పొడవాటి నాజూకు రెక్కలు, తొండం చివరి ముక్క మాత్రం వెడల్పెంతో పొడవూ అంతే. అది డెర్బిడే. ఈ కుటుంబంలో పిల్ల పురుగులు కుళ్లిన చెక్క కింద, చెత్తలో శిలీంధ్రాలు తిని బతుకుతాయి. ఈ ఏడింటికీ వరితో పనే లేదు.

మిగిలినవి 40.

ఒక్క ముల్లు

ఆ నలభైకీ వెనుక కాలి టిబియా చివర, పాదం మొదలయ్యే చోట ఒక కదిలే ముల్లు ఉంది. మైక్రోస్కోప్ కింద సూదితో మెల్లగా తాకితే మడతబందు మీద తలుపులా ఇటూ అటూ కదులుతుంది. పక్కనున్న మామూలు ముళ్లు కదలవు. దీన్ని క్యాల్కార్ అంటారు. డెల్ఫాసిడే కుటుంబానికి ఇదే ముద్ర. సుడిదోమలో అది ముల్లులా కాకుండా చిన్న ఆకులా పలచగా ఉంటుంది. దాని వెనుక అంచు వెంట రంపం పళ్లలా సన్నటి పళ్లు, ఒక్కో పంటి కొనా నల్లగా ఉంటుంది. మొదటిసారి చూసేవాళ్లను ఇక్కడ కాసేపు ఆగమంటాను. రెండు వేలకు పైగా జాతులున్న కుటుంబాన్ని ఒక్క అవయవంతో పట్టుకోగలగడం వర్గీకరణలో అరుదుగా దొరికే అదృష్టం.

ఎందుకు అరుదో కొంచెం చెప్పాలి. జీవులకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లో ఇలాంటి పురుగుల్లో చాలావాటిని సికాడా అనే ఒకే ప్రజాతిలో వేశాడు. 1767లో ఫుల్గొరా అనే ప్రజాతిని వేరుచేశాడు. ఆ తర్వాత కుటుంబాలు పుట్టుకొచ్చాయి. హవాయిలో చెరకు పురుగుల మీద పనిచేసిన ఫ్రెడరిక్ మ్యూర్ 1920ల్లో, 1930లో ఈ కుటుంబాలను మళ్లీ పేర్చాడు. ఈ రోజుకీ మేం వాడే హద్దుల్లో చాలావరకు ఆయన పునాది ఉంది. కానీ అన్ని హద్దులూ క్యాల్కార్ అంత గట్టివి కావు. ఇస్సిడే అనే కుటుంబం చాలాకాలం ఎక్కడా పట్టనివాటిని పడేసే గంపలా ఉండేది. పొట్టి రెక్కలు, బండ శరీరం ఉంటే చాలు, అందులో వేసేవారు. తర్వాత అందులోంచి కాలిసెలిడే లాంటివి వేరే కుటుంబాలుగా బయటికొచ్చాయి. టెట్టిగొమెట్రిడే కథ ఇంకా పెద్దది. శరీర నిర్మాణం చూసి దాన్ని చెట్టు మొదట్లో పుట్టిన పాత కొమ్మ అనుకున్నారు. డీఎన్‌ఏ చూశాక అది పైకొమ్మల్లోది అని తేలింది. కొన్ని అవయవాలు లేకపోవడం పాతదనానికి గుర్తని భ్రమపడ్డాం. ఉన్నవి పోగొట్టుకున్నా అలాగే కనిపిస్తుంది.

‘లేకపోవడం’ అనే గుర్తును నేను సులువుగా నమ్మను. అయినా ఈ సీసా విషయంలో ఆ పాఠం సమయానికి గుర్తుకు రాలేదు.

నలభైలో తొమ్మిదింటికి మెడ వెనుకనుంచి వీపు మీదికి లేత రంగు చార ఉంది. తెల్లవీపు దోమ, సొగటెల్లా ఫర్సిఫెరా అని ఎవరైనా అనేస్తారు. కానీ సొగటెల్లా కొలొఫాన్, సొగటెల్లా వైబిక్స్ అనే గడ్డి పురుగులకూ ఇలాంటి చారే ఉంటుంది. మగవాటిని విప్పి చూశాను. లాటిన్‌లో ఫర్సిఫెర్ అంటే చీలిన కొయ్యను మోసేది. మగ పురుగు జననాంగంలో పారామీర్ అనే భాగం కొస నిజంగానే రెండు మొనలుగా చీలి ఉంది. పెట్టిన పేరు పురుగు ఒంటి మీదే ఉండడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది.

ఇక 31. వెనుక పాదం మొదటి ముక్క మీద, పక్కవైపు, ఒకటి రెండు చిన్న ముళ్లు. డెల్ఫాసిడేలో చాలా ప్రజాతులకు ఇవి ఉండవు. ఉంటే అది నీలపర్వత. ఈ ముళ్లు చూడాలంటే కాలిని సరైన కోణంలో తిప్పాలి, లేకపోతే పక్కనున్న వెంట్రుకల్లో కలిసిపోతాయి. ఈ ప్రజాతిని డిస్టాంట్ అనే కీటక శాస్త్రవేత్త 1906లో నెలకొల్పాడు. సుడిదోమకైతే స్టాల్ అనే మరో శాస్త్రవేత్త అంతకు ముందే, 1854లో, డెల్ఫాక్స్ లుజెన్స్ అని పేరు పెట్టి ఉన్నాడు. ఇప్పుడు దాని పేరు నీలపర్వత లుజెన్స్.

కానీ నీలపర్వతలో లుజెన్స్ ఒక్కటే లేదు. బేకెరి ఉంది, మ్యూరీ ఉంది. పైకి చూస్తే మూడూ ఒకటే గోధుమరంగు, ఒకటే సైజు. ఆ రెండూ లీర్సియా అనే గడ్డి మీద బతికేవి. వాటిని లుజెన్స్‌నుంచి విడదీయాలంటే మగవాటి జననాంగాలే నికరమైన దారి.

రెండు మగ పురుగులు

ముప్పై ఒకటిలో మగవి 12. పొట్ట చివరి భాగాన్ని తీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి, వేడి నీళ్ల గిన్నెలో కొద్ది నిమిషాలు ఉంచితే కండరాలు కరిగి గట్టి చర్మం మాత్రం మిగులుతుంది. కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి చూడాలి. ఈ పని మా ల్యాబ్‌లో చేరి ఏడాదైన అమ్మాయి చేసింది. చేతి పని చాలా నీట్‌గా ఉంటుంది తనది.

ఎనిమిది లుజెన్స్ బొమ్మతో సరిగ్గా సరిపోయాయి. రెండు బేకెరి. చివరి రెండు దేనితోనూ సరిపోలేదు.

“మేడమ్, ఒకసారి వచ్చి చూడండి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు,” అంది.

చూశాను. పారామీర్లు పొట్టిగా, మొద్దుగా ఉన్నాయి. ఈడియాగస్, అంటే మగ జననేంద్రియపు గొట్టం, సన్నగా, లేత రంగులో ఉంది. చివరి ఖండం తెరుచుకునే చోటు చిన్నది. నీలపర్వతలో తెలిసిన మగవాటి బొమ్మలన్నీ బయటికి తీశాం. పాత వర్ణనలు చదివాం. దేనిలోనూ ఇలాంటి పొట్టి పారామీర్ లేదు. సాయంత్రానికి కొత్త జాతి అనే మాట నా నోటినుంచే మొదట వచ్చింది. తను ఆ రాత్రి బొమ్మలు గీయడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆ బొమ్మలే నన్ను ఆపాయి. తను రెండు పురుగుల్నీ విడివిడిగా, ఎడమ పారామీర్, కుడి పారామీర్ వేరువేరుగా గీసింది. మొదటిదానిలో ఎడమది కుడిదానికంటే పొట్టి. రెండోదానిలో రెండూ సమానమే కానీ మొదటిదాని కంటే ఇంకా కుంచించుకుపోయి ఉన్నాయి. ఒక జాతి లక్షణమైతే రెండు మగవాటిలోనూ ఒకేలా ఉండాలి. కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండాలి. ఇక్కడ రెండూ కుదరలేదు. ఇది కొత్త ఆకారమా, ఎదగక ఆగిపోయిన పాత ఆకారమా అన్న అనుమానం అప్పుడు వచ్చింది.

“మిగతా ఒళ్లు ఎక్కడుంది?” అని అడిగాను.

మేం చూసినదంతా పొట్ట చివరి ముక్కే. మిగతా పురుగు నంబరు వేసిన వేరే సీసాలో భద్రంగా ఉంది. తీసి రెక్కలు పక్కకు జరిపాం. మొదటిదాని పొట్ట పక్కన, రెండు ఖండాల మధ్య ముదురు అంచుతో గుండ్రటి రంధ్రం. లోపల ఖాళీ. రెండోదానికి అదే చోట గోధుమరంగు గుండీలాంటిది చర్మంలోంచి పొడుచుకొచ్చి ఉంది.

స్ట్రెప్సిప్టెరా. ఎలెంకస్ అనే ప్రజాతికి చెందిన పరాన్నజీవి. దీని పిల్లలు ప్లాంట్‌హాపర్ చిన్నగా ఉన్నప్పుడే ఒంట్లోకి దూరి, దానితో పాటే పెరుగుతాయి. మగది ఆ రంధ్రంలోంచి ఎగిరిపోతుంది. ఆడది జీవితాంతం లోపలే ఉండి తల భాగాన్ని మాత్రం బయటికి పెడుతుంది. ఆశ్రయమిచ్చిన పురుగు చావదు కానీ దాని జననాంగాలు పూర్తిగా ఎదగవు. కుంచించుకుపోయి, ఒక్కోసారి ఒకవైపు ఒకలా మరోవైపు ఒకలా తయారవుతాయి. ప్లాంట్‌హాపర్లలో ఇది కొత్త విషయం కాదు. నాకు తెలియని విషయమూ కాదు. పొట్ట చివరి ముక్కను విడిగా చూసినప్పుడు మిగతా ఒంటి సంగతి నా బుర్రలో లేదు, అంతే. అవయవం ‘లేకపోవడాన్ని’ జాతి లక్షణంగా చదివాను. టెట్టిగొమెట్రిడే విషయంలో పెద్దవాళ్లు పొరబడిన చోటే, చిన్న స్థాయిలో, నేనూ పొరబడ్డాను.

ఆ అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రాత్రంతా గీసిన బొమ్మలు వృథా అయ్యాయని బాధపడింది. ఆ బొమ్మలు లేకపోతే ఎడమ కుడి తేడా నా కంటికి ఆనేది కాదని తనకు చెప్పాను. అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. ఆ బొమ్మలు ఫైల్‌లో ఈ కేసుతోనే ఉన్నాయి.

అయినా అవి ఏ జాతివో తేలాలి కదా. రెండింటినుంచి కుడివైపు మధ్య కాలు ఒక్కటి తీసి, జాతులను గుర్తించడానికి వాడే సీఓఐ అనే జన్యువు చదివించాం. వెనుక కాలు తీయలేదు, ఎందుకంటే క్యాల్కార్, పాదం ముళ్లు దాని మీదే ఉంటాయి, అవి సాక్ష్యంగా మిగలాలి. పొట్ట ముక్క అస్సలు వాడలేదు. పరాన్నజీవి ఉన్న చోటునుంచి తీస్తే దాని డీఎన్‌ఏ కూడా కలిసొచ్చి ఇంకో తప్పుకు దారి తీస్తుంది. రెండూ నీలపర్వత లుజెన్స్‌తోనే కలిశాయి.

బేకెరి ఎలా వచ్చింది

రెండు బేకెరి మగవి దొరకడం పంపినవాళ్లకు నమ్మశక్యంగా అనిపించలేదు. ఫోన్ చేసి, “వరిలో వేరే నీలపర్వత ఎందుకుంటుంది మేడమ్?” అని అడిగారు. గట్ల మీద, కాలవల వెంట లీర్సియా ఉందేమో చూడమన్నాను. ఉందన్నారు. అక్కడినుంచి దీపానికి రావడం పెద్ద దూరం కాదు.

లీర్సియా విషయంలో ఇంకొక చిక్కుముడి ఉంది. లుజెన్స్‌లాగే కనిపించే పురుగులు లీర్సియా హెక్సాండ్రా గడ్డి మీద కూడా బతుకుతాయి, వాటికి వరి పడదు. 1980ల్లో క్లారిడ్జ్ అనే కీటక శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ రెండు గుంపుల పిలుపులను రికార్డు చేశారు. ఈ పురుగులు గాలిలో మనకు వినిపించేలా అరవవు. పొట్టను కంపింపజేసి, ఆ కంపనాన్ని కాండం గుండా పంపి జతను పిలుస్తాయి. రెండు గుంపుల పిలుపుల్లో దరువు వేగం వేరు. ప్రయోగశాలలో కలిపితే పిల్లలు పుడతాయి కానీ, ఎంపిక ఉంటే తమ గుంపువాటినే ఎంచుకుంటాయి. వాటిని వేరే జాతిగానే చూడాలని వాళ్లు వాదించారు. నేను వాళ్ల వైపే మొగ్గుతాను. కానీ ఆల్కహాల్‌లో చచ్చిన పురుగు పిలుపు ఎవరూ వినలేరు. అందుకే నా రిపోర్టులో లుజెన్స్ అని రాసిన చోట, ఇది ఆకారాన్ని బట్టి చెప్పిన పేరు అని ఒక వాక్యం కలిపాను. ఏ మొక్క మీద పట్టుకున్నారో లేబుల్ మీద ఉంటే ఆ వాక్యంతో పని ఉండేది కాదు. దీపపు ఎరతో పాటు దుబ్బులు దులిపి పట్టిన పురుగులనూ విడిగా ఒక సీసాలో పంపమని అడుగుతూ ఉండేది ఇందుకే.

ఆడవాటి సంగతి తొందరగా ముగిస్తాను. 19 ఆడవి. పొట్ట అడుగున గుడ్లు పెట్టే గొట్టం మొదట్లో ఉండే పలకల ఆకారాన్ని బట్టి 16 లుజెన్స్‌గా తేలాయి. మూడు తేలలేదు. వాటిలో ఒకదానికి పొట్ట పక్కన అదే గుండీ ఉంది.

పంపిన రిపోర్టు ఇలా ఉంది: లీఫ్‌హాపర్లు 14, మీనోప్లిడే 5, డెర్బిడే 2, సొగటెల్లా ఫర్సిఫెరా 9, నీలపర్వత బేకెరి మగవి 2, నీలపర్వత లుజెన్స్ 26, వాటిలో రెండు మగవి ఎలెంకస్ సోకినవి. తేలని మూడు ఆడవాటి దగ్గర ‘నీలపర్వత, జాతి నిర్ధారణ కాలేదు’ అని రాశాను. ఆ మూడింటికీ ఏదో ఒక పేరు పెట్టేయమని అటునుంచి మళ్లీ అడిగారు. పెట్టలేదు. అవి మూడు చిన్న సీసాల్లో, నంబర్లతో, మధ్య కాళ్లు తీయకుండా అలాగే ఉన్నాయి. పంపినవాళ్లు తర్వాతి సీజన్‌లో లీర్సియా గడ్డి మీదనుంచి మగ, ఆడ పురుగులను కలిపి పట్టి పంపుతామన్నారు. అవి వచ్చాక ఈ మూడింటినీ వాటి పక్కన పెట్టి మళ్లీ పోల్చి చూస్తాం.